చాప కింద ఉండాల్సినవాడు

తెల్లవారుతూనే సెఫో ముసలాయన వచ్చి లెతోఆఫా వాకిట్లో గడ్డి మీద కూలబడ్డాడు. తల మీంచి మొగలాకు సన్నచాప కప్పుకున్నాడు. ముందు ఒక కట్టెల మోపు, నల్లరాళ్ళ గంప, అరటాకుల కట్ట. వెనక ఆయన తమ్ముడి కొడుకులిద్దరు తలలు వంచుకుని కూర్చున్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. ఇఫోగాలో, అంటే ఈ సమోవా దీవుల్లో తప్పు ఒప్పుకునే ఆచారంలో, నోరెత్తరు. "తప్పు మాదే, మమ్మల్ని కాల్చుకు తినాలన్నా తినండి, కట్టెలూ రాళ్ళూ కూడా మేమే తెచ్చుకున్నాం" అని ఆ మోపూ ఆ గంపే చెబుతాయి. దెబ్బ తిన్న ఇంటివాళ్ళు వచ్చి చాప ఎత్తి లోపలికి పిలిస్తే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండలో మాడటమే.

వాయిపునా ఊరు ఊరంతా లేచి కూర్చుంది. ఎదురింటావిడ వాకిలి ఊడుస్తున్నట్టు ఒక్కచోటే అరగంట ఊడ్చింది. చర్చికి నీళ్ళు మోసుకెళ్ళేవాళ్ళు ఖాళీ బిందెలతోనే రెండుసార్లు ఇటు తిరిగారు.

పెటెలో వెనక వంటపాకలో కొబ్బరి కోరుతున్నాడు. ఎడంచేత్తో. కుడిచెయ్యి ఒళ్ళో పడుంది, ఎవరిదో చెయ్యి అక్కడ మర్చిపోయి వెళ్ళినట్టు. స్తంభాల సందులోంచి చాప కనబడింది, చాప కింది నుంచి రెండు పాదాలు కనబడ్డాయి. ఆ పాదాలు అతనికి బాగా తెలుసు. చిన్నప్పుడు పదేళ్ళకు పైగా వాటి వెనకే పరిగెత్తాడు.

కోరుపీట మీంచి ఒక్క ఉదుటున లేచాడు. కొబ్బరిచిప్ప బూడిదలో పడింది.

"ఈయన కొడుకేడీ?" అన్నాడు. పాకలో ఎవరూ లేరు. అయినా అన్నాడు.

పెటెలోకి ముప్పై మూడేళ్ళు. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రిని సముద్రం తీసుకుపోతే, పెదనాన్న లెతోఆఫా ఇంట పెరిగాడు. ఆట నేర్పింది మాత్రం సెఫో. మైదానంలోంచి పందుల్ని తోలేసి, చెప్పుల్లేని కాళ్ళతో ఊరి పిల్లలందర్నీ పరిగెత్తించేవాడాయన. రగ్బీలో స్క్రమ్ అని ఒకటుంది. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది, దున్నపోతుల్లా తలలు దూర్చి తోసుకోవడం. ముందు వరసలో ఉన్నవాడి మెడ మీద ఇటు బరువూ అటు బరువూ పడుతుంది. పెటెలో ముందు వరసవాడు. "ఇది మెడ కాదర్రా, సీమపనస మాను!" అని సెఫో ఆ మెడ తట్టి ఊరందరికీ చూపించుకునేవాడు.

ఇరవై రెండో ఏట ఫ్రాన్సు వెళ్ళాడు. తీసుకెళ్ళింది సెఫో కొడుకు అసోమువా. వాడూ ఒకప్పుడు ఆడినవాడే. మోకాలు పోయాక ఆటగాళ్ళను క్లబ్బులకి కుదిర్చే పనిలో దిగాడు, ఫ్రెంచి నేర్చాడు. ఎక్కడ కనబడ్డా "వీడు నా తమ్ముడు" అని భుజం మీద చెయ్యేసేవాడు. వాడు ఏ కాయితం మీద సంతకం పెట్టమంటే దాని మీద పెటెలో పెట్టాడు. ఊరివాడు, గురువు కొడుకు, చర్చిలో పక్కన మోకరిల్లినవాడు. అలాంటివాడి మాటని ఇంకొకరిచేత చదివించి సరిచూసుకోవడమంటే గురువుగారి మొహాన ఉమ్మేసినట్టే. ఈ దీవిలో పుట్టినవాడెవడైనా అలాగే చేసుండేవాడు. ఆ సంగతి అసోమువాకి అందరికన్నా బాగా తెలుసు.

పదకొండేళ్ళు ఆడాడు. చలికి నేల రాయిలా గడ్డకట్టే ఊళ్ళో, పొద్దున్నే చీకట్లో లేచి, ఇనుప బండకి మెడ ఆనించి తోశాడు. చెవులు నలిగి వేగిన అప్పడాల్లా ముడుచుకుపోయాయి. ముక్కు రెండుసార్లు విరిగింది. ఇంటి మీద రేకులు పడ్డాయి, చర్చికి గంట వచ్చింది. ఆదివారం చర్చిలో పెటెలో పేరు చదివినప్పుడల్లా పెదనాన్న మీసం మెలేసేవాడు.

మూడేళ్ళ కిందట దేశం జట్టు నుంచి పిలుపొచ్చింది. ప్రపంచ కప్పుకి. సమోవా నీలం చొక్కా. దానికోసమే పుట్టాననుకున్నవాడు పెటెలో. ఆ నెలలోనే ఒకరోజు స్క్రమ్ములో మెడలో ఏదో పుటుక్కుమంది, కుడిచేతి వేళ్ళదాకా మెరుపు పాకింది. క్లబ్బువాళ్ళు పెద్ద యంత్రంలో పడుకోబెట్టి ఫోటోలు తీశారు. డాక్టరు కాయితం ఇచ్చాడు, ఫ్రెంచిలో. అసోమువా చదివి నవ్వాడు.

"కండరం పట్టేసిందంతే తమ్ముడూ. రెండు వారాలు. కానీ దేశం ఆటకి పోతానంటే క్లబ్బు ఊరుకునేలా లేదు. ఈసారికి వదిలెయ్. వచ్చేసారి చూద్దాం."

వదిలేశాడు. ఊళ్ళో ఊరుకున్నారా? "మన చొక్కా తొడుక్కోడానికి దొరగారికి సిగ్గేసింది" అని చర్చి మెట్ల మీదే అన్నారు. పెదనాన్న నెలరోజులు ఫోనెత్తలేదు. అదంతా మింగి, పెటెలో ఇంకో రెండేళ్ళు అదే మెడ పెట్టి తోశాడు. పోయిన మార్చిలో స్క్రమ్ము కూలింది. అందరూ లేచారు, అతను లేవలేదు. ఆస్పత్రిలోంచి వచ్చేసరికి కుడిచెయ్యి చెంచా కూడా పట్టడం లేదు. క్లబ్బువాళ్ళు కరచాలనం చేశారు, అది కూడా ఎడంచేత్తో, ఒక చొక్కా అద్దం పటం కట్టించి చేతిలో పెట్టి విమానం ఎక్కించారు. రసం పిండేశాక చెరకు పిప్పిని ఎవడు దాచుకుంటాడు?

పోయిన వారం రాజధాని ఆపియాలోని ఆస్పత్రికి పాత కాయితాలన్నీ మూటకట్టుకుని వెళ్ళాడు. డాక్టరుకి ఫ్రెంచి రాదు. ఆ భాష వచ్చిన ముసలి సిస్టర్ ఒకావిడ ఉంటే పిలిపించారు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని మొదలుపెట్టి, రెండో పేరా దగ్గర ఆగిపోయింది.

"చదవండి సిస్టర్."

"ఈ ఆటగాడు ఇక మీదట స్క్రమ్ములో తల పెట్టరాదు. పెడితే చెయ్యి గానీ, కాళ్ళు గానీ, ప్రాణం గానీ పోవచ్చు" అని చదివింది ఆవిడ. తేదీ మూడేళ్ళ కిందటిది. కింద, "చదివి, ఆటగాడికి వివరించాను" అన్నచోట అసోమువా సంతకం.

ఆ కబురు పెటెలో కన్నా ముందే పడవెక్కి ఈ సవాయి దీవి చేరింది. అందుకే ఇవాళ వాకిట్లో చాప.

లోపల లెతోఆఫా అప్పటికే కొత్త లావాలావా పంచె కట్టి, ఛాతీకి కొబ్బరినూనె పట్టించుకుని, గొంతు సవరించుకుంటున్నాడు. ఇఫోగా అందుకోవడమంటే ఊరు నూరేళ్ళు చెప్పుకునే సంగతి. ఆయన మొహం పెళ్ళివారి మొహంలా ఉంది.

"చూశావా చాప? వాళ్ళ ముత్తవ్వ అల్లిందది. పట్టులా లేదూ?"

"ఎత్తకు పెదనాన్నా" అన్నాడు పెటెలో.

"నీకు ఇంటిపెద్ద బిరుదుందా?"

"లేదు."

"మరి మాటెక్కణ్ణించి వచ్చింది? పో, పొయ్యి రాళ్ళు వేడెక్కాయో లేదో చూడు. లోపలికి పిలిచాక వాళ్ళకి చామదుంపలు పెట్టాలి."

"తప్పు చేసినవాడు వాకిట్లో లేడు. ఎవడికని క్షమాపణ? అది నా మెడ పెదనాన్నా!"

"నీ మెడ ఈ ఇంటి మెడ. ఈ ఇంటికి నోరు నేను."

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. యాభై వేలమంది లేచి నిలబడి పేరు పెట్టి అరిచిన మనిషి ఇతను. పుట్టిన ఇంట్లో బిరుదు లేనివాడు, పీట వేసేవాడు, వడ్డించేవాడు. పెద్దలు మాట్లాడుతుంటే గుమ్మం దాటి నోరెత్తకూడదు. పెటెలోకి ఒళ్ళు భగ్గుమంది. ఎడంచెయ్యి పిడికిలి బిగిసింది. కుడిచెయ్యి మాత్రం అలాగే వేలాడింది.

వెనక్కి తిరిగి మేనత్త ఇంటికి నడిచాడు.

ఫువాతినో లెతోఆఫాకి చెల్లెలు, పెటెలోకి ఒక్కగానొక్క మేనత్త. పొయ్యి దగ్గర బూరెలు వేస్తోంది. తెల్లవారినప్పట్నించీ కిటికీ వదల్లేదు గానీ, ఏమీ ఎరగనట్టే అడిగింది.

"ఏవిరా, కొండంత మనిషివి, కుక్క తరిమిన పిల్లిలా వచ్చావు?"

"పెదనాన్న చాప ఎత్తేస్తున్నాడత్తా."

"ఎత్తకపోతే ఏం చెయ్యమంటావు?"

"ఆ చాప కింద అసోమువా ఉండాలి."

"వాడు రాకపోతే?"

"ఎవరూ ఎత్తకూడదు."

"డెబ్భై దాటిన ముసలాడురా. ఎండకి చస్తాడు."

"చావనీ."

గరిటె వచ్చి భుజం మీద పడింది. నూనె చురుక్కుమంది. "ఆ మాట ఇంకోసారి అన్నావంటే గరిటె కాదు, బాణలే!" అంది ఫువాతినో. తర్వాత అతని కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది. "ఇది తెలుస్తోందా?"

"లేదు."

"ఇది?"

"లేదత్తా."

ఆవిడ మూతి బిగించి పొయ్యిలో కట్టె వెనక్కి లాగేసింది. బూరె సగం వేగి అలాగే తేలుతోంది. లేచి, చెంగు దులుపుకుని, వాకిలికి అడ్డంపడి అన్నగారింటికి నడిచింది.

"అన్నయ్యా, చాప ఎత్తకు."

"ఇది పెద్దమనుషుల వ్యవహారం ఫువాతినో. నీకెందుకు?"

"నేను వద్దన్నాను."

ఈ దీవిలో బిరుదు మగవాడిదే, కానీ ఆడపడుచు వద్దన్నాక కాదనే మగవాడు లేడు. ఆడపడుచు ఉసురు తగిలితే కళ్ళు పోతాయని లెతోఆఫా తాతా నమ్మాడు, తండ్రీ నమ్మాడు, నూనె రాసుకుని నిగనిగలాడుతున్న లెతోఆఫా కూడా నమ్ముతాడు. నిలబడ్డవాడు నిలబడ్డచోటే కూలబడ్డాడు. "పరువు తీశావే" అని మాత్రం గొణిగాడు.

పొద్దెక్కింది. గడ్డి మీద మంచు ఆరిపోయి ఆవిర్లు లేచాయి. చాప కదలలేదు. పది గంటల బస్సు ఈ ఇంటి ముందుకొచ్చి ఎవరూ చెయ్యి ఎత్తకుండానే ఆగింది. ఎక్కినవాళ్ళందరూ ఒకే పక్కకి ఒరిగి చూస్తున్నారు. డ్రైవరు తల బయటపెట్టి ఫువాతినోతో చిన్నగా అన్నాడు.

"ముసలాయన్ని కూర్చోబెట్టారేంటమ్మా? కొడుకు ఆపియాలోనే ఉన్నాడుగా! సోమవారం దిగాడు. స్కూలు మైదానంలో ముగ్గురు కుర్రాళ్ళని తోయిస్తున్నాడు. ఫ్రాన్సు తీసుకెళ్తాడంట."

ఆ మాట పెటెలో విన్నాడు. వాకిట్లో చాప కిందున్నవాడూ వినే ఉండాలి. చాప అంచు కొద్దిగా కదిలింది.

ఫువాతినో ఫోను తీసి, అందరికీ వినబడేలా పెట్టింది. నాలుగోసారికి ఎత్తాడు.

"అసోమువా, నేను ఫువాతినోని. మీ నాన్న మా వాకిట్లో ఉన్నాడు. ఎండెక్కింది. వచ్చే పడవకి రా."

"అయ్యో అత్తా, ఇవాళ కుదర్దు. సాయంత్రం కుర్రాళ్ళ కాయితాల మీద సంతకాలున్నాయి. లెతోఆఫాగారిని చాప ఎత్తమని చెప్పండి. ఆదివారం నేనొచ్చి పందిని కోయిస్తాను."

"ఒకటేనా?"

"మీరెన్నంటే అన్ని!"

"సంతనుకున్నావురా? మెడకి పంది చెల్లా?"

"అలా కాదత్తా... నేను వాడి మంచికే చేశాను. చెప్పుంటే ఆడేవాడు కాదు. ఆడకపోతే ఇంటికేం పంపేవాడు? మీ చర్చి గంట ఎక్కణ్ణించి వచ్చేది చెప్పండి!"

ఫువాతినో ఫోను ఆపేసింది. లెతోఆఫా నేల చూశాడు. ఆ గంట అందరూ విన్నదే.

పెటెలో గుమ్మం దిగాడు. "ఆగరా! నీకు బిరుదు లేదు!" అని పెదనాన్న అరుస్తున్నా ఆగలేదు. గడ్డి మీద అడ్డంగా నడిచి, ముసలాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎడంచేత్తో చాప అంచు పక్కకి తీసి లోపలికి చూశాడు. పూర్తిగా ఎత్తలేదు. ముసలాయన మొహం చెమటతో తడిసి ఉంది. పెదాలు ఎండిపోయాయి.

"కొట్టరా" అన్నాడు సెఫో.

"నీకు తెలుసా బాబాయ్?"

"తెలీదు." ముసలాయన తల వంచుకున్నాడు. "అడగలేదు. రెండేళ్ళ కిందట క్రిస్మస్‌కి వచ్చినప్పుడు గ్లాసు పట్టుకుంటే నీ చెయ్యి వణికింది. ముప్పై ఏళ్ళు మెడలు చూసినవాణ్ణి, నాకు అంతుపట్టదా? వాణ్ణడిగితే ఏం చెబుతాడోనని అడగలేదు."

పెటెలోకి అది కొడుకు చేసినదానికన్నా ఎక్కువ మండింది. ఆ ముసలి మొహాన్ని అరచేత్తో నేలకి అదిమెయ్యాలనిపించింది. చాప అంచునే గట్టిగా పట్టుకున్నాడు. అరవకుండా అడిగాడు.

"ఆపియాలో ఆ ముగ్గురి తల్లులు ఎవర్ని చూసి పంపుతున్నారు?"

"నన్ను చూసి. నా పేరు చెబుతాడు వాడు."

"అయితే లే. పడవెక్కుదాం."

"మరి చాప?"

"నీ చంకలో పెట్టుకో. దీన్ని మేం ఎత్తలేదు."

"వాడు నాకు ఒక్కడే కొడుకురా పెటెలో."

"ఆ తల్లులకి ఎందరున్నారో అడిగావా?"

సెఫో లేవడానికి చాలాసేపు పట్టింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. తమ్ముడి కొడుకులు లేపబోతే వద్దన్నాడు. ఫువాతినో వాకిట్లోకి వచ్చి, ఊళ్ళో ఊడుస్తున్నవాళ్ళూ బిందెలవాళ్ళూ అందరూ వినేలా చెప్పింది.

"ఈ ఇల్లు క్షమించలేదు, తిట్టి పంపనూ లేదు. చాప యజమాని వచ్చేదాకా మాట బాకీ. పదండి, నేనూ వస్తాను. ఇంట్లో కూర్చుని రేపు ఎవరో చెబితే వినేదాన్నా నేను?"

పడవలో గంటన్నర. ముసలాయన నీళ్ళు తాగాడు, అంతే. పెటెలో సముద్రాన్ని చూడలేదు, ముసలాయన్నీ చూడలేదు. జేబులో కాయితాన్ని మాటిమాటికీ తడుముకున్నాడు.

స్కూలు మైదానంలో ముగ్గురు కుర్రాళ్ళు ఇనుప బండకి తలలు ఆనించి తోస్తున్నారు. అసోమువా విజిల్ ఊదుతున్నాడు. మెట్ల మీద ముగ్గురు తల్లులు ఒళ్ళో కాయితాలు పెట్టుకుని విసనకర్రలు ఊపుకుంటున్నారు. సెఫోని చూడగానే ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఆయనంటే అంత గౌరవం.

అసోమువా మొహం విప్పారింది. "నాన్నా! ఎత్తారా?"

"లేదు." సెఫో పెటెలో దగ్గర కాయితం తీసుకుని కొడుక్కి చాపాడు. "నీకు ఫ్రెంచి వచ్చుగా. మన మాటలో చదువు. వీళ్ళు వింటారు."

"ఇక్కడ కాదు నాన్నా."

"ఇక్కడే."

అసోమువా తల్లుల వైపు తిరిగి నవ్వాడు. "ఏదో పాత దెబ్బ సంగతమ్మా. ఆటన్నాక దెబ్బలు మామూలే."

ఆ తల్లుల్లో చేపల సంతలో అమ్మే ఒకావిడ ముందుకొచ్చింది. చేతులింకా చేపల వాసనే. "మామూలుదైతే చదవడానికేం బాబూ?"

వాడు చదివాడు. మొదట పేరు, తేదీ. తర్వాత గొంతు దిగింది. "గట్టిగా" అన్నాడు సెఫో. చెయ్యి గానీ, కాళ్ళు గానీ, ప్రాణం గానీ అన్నదాకా చదివాడు. కుర్రాళ్ళు బండ వదిలేసి నిలబడ్డారు.

"కింద సంతకం ఎవరిది?" అంది చేపలావిడ.

అసోమువా కాయితం మడిచాడు. ఆవిడ పెటెలో చెయ్యి చూసింది, వాలిపోయిన వేళ్ళు చూసింది. "ఒరేయ్, బూట్లు విప్పు. ఇంటికి" అంది కొడుకుతో. వాడు ఏదో అనబోయాడు. "విప్పమన్నానా!" రెండో ఆవిడ కూడా కాయితం మడిచి అక్కడే మెట్టు మీద పెట్టేసింది. మూడో ఆవిడ కదల్లేదు. "మా ఇంట్లో తొమ్మిది మందిమి" అంది ఎవరినీ చూడకుండా. "నా కాయితం వేరేవాళ్ళ చేత చదివించుకుంటాను. అంతవరకూ సంతకం లేదు."

అసోమువా విజిల్ తాడు మెడలోంచి తీసేశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "నా తండ్రిని నా మీదకే తెచ్చావు కదరా! ఇప్పుడు చల్లబడిందా?"

"లేదు" అన్నాడు పెటెలో.

"ఏం చెయ్యమంటావు? నేనే వచ్చి కూర్చోవాలా?"

"కట్టెలు నువ్వే మొయ్యాలి. రాళ్ళు నువ్వే ఏరుకోవాలి."

"వస్తే ఎత్తుతావా?"

పెటెలో వాణ్ణి కిందనుంచి పైదాకా చూశాడు. చిన్నప్పుడు చర్చిలో పక్కన మోకరిల్లినవాడు. "తమ్ముడూ" అన్నవాడు. కోపం ఎక్కడికీ పోలేదు, పొద్దున్న ఎక్కడుందో అక్కడే ఉంది.

"ముందు కూర్చో" అన్నాడు. "ఎత్తుతానో లేదో ఎండలోనే ఉండి తెలుసుకో."